బ్రషైట్ గురించి రాసేముందు, అబ్బీ

అబ్బీ,

అనంతపురం నుంచి నువ్వు పంపిన వ్యాసం చదివినా. బ్రషైట్ మీద, అదే నీళ్లు కలిసుండే కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజం మీద తెలుగులో రాయాలనుకున్నావు చూడు, ముందు దానికే సంతోషం. కానీ అరుదైన, అద్భుతమైన, ప్రకృతి వింత అని పొగుడుతా పోయినావే గానీ ఆ రాయి ఏందో చెప్పేదానికి మూడో పేజీ దాకా లాగినావు, అంతసేపు ఎవరుంటారప్పా.

ఆ తర్వాత టేబుల్ పెట్టినావు, గట్టిదనం 2.5, సాంద్రత 2.33, మోనోక్లినిక్ (స్ఫటికాల తీరులో ఒక రకం), రంగు ఉండదు లేదంటే లేత పసుపు, నీట్‌గా పలకలుగా చీలుతాది అని. అన్నీ కరెక్టే, కానీ ఒట్టి నంబర్లు చూసి ఎవరికీ ఏమీ అనిపించదు. దాని పక్కన జిప్సంకు ఇంకో కాలమ్ వెయ్యి. గట్టిదనం 2, సాంద్రత 2.3 పైచిల్లర, అదీ మోనోక్లినికే, అదీ పలకలుగానే చీలుతాది. ఒకటేమో ఫాస్ఫేట్, ఇంకోటి సల్ఫేట్, మరి ఇవి రెండూ కవల పిల్లల మాదిరి ఎందుకుండాయి అని చదివేవాడికే డౌటు వస్తాది. నీ వ్యాసం ఆ డౌటు కాడ మొదలుపెట్టు.

జవాబు ఫార్ములాలోనే ఉంది. బ్రషైట్‌లో ఒక కాల్షియం, ఒక హైడ్రోజన్ ఫాస్ఫేట్, రెండు నీళ్ల అణువులు. జిప్సంలో ఒక కాల్షియం, ఒక సల్ఫేట్, అవే రెండు నీళ్ల అణువులు. ఫాస్ఫరస్ 31, దానితో ఉండే హైడ్రోజన్ 1, కలిపితే 32, సల్ఫర్ కూడా 32! అందుకే రెండిటి ఫార్ములా బరువూ 172 కాడికే వస్తాది, రెండిట్లోనూ నీళ్లు సుమారు 21 శాతం. బరువు కలవడం ఒక ముచ్చట అంతే, అసలు కారణం వేరే, ఫాస్ఫేట్, సల్ఫేట్ రెండూ అయాన్లే, అంటే చార్జ్ ఉండే కణాలు, రెండిటికీ చార్జ్ ఒకటే, మధ్యలో ఒక పరమాణువు చుట్టూ నాలుగు ఆక్సిజన్లు, సైజూ దగ్గరదగ్గర, అందుకని కాల్షియంతో కలిసి ఒకే తీరు పొరలు కట్టుకుంటాయి, పొరల మధ్యలో నీళ్లుంటాయి, పలక చీలేది ఆ నీళ్ల కాడే. వేడి చేసి ఆ నీళ్లు తోలేస్తే బ్రషైట్ కాస్తా మోనెటైట్ అనే ఇంకో ఖనిజం అవుతాది.

వర్గీకరణ దగ్గర, ఖనిజాలను క్లాసులుగా పేర్చే స్ట్రంజ్ పద్ధతి నంబరు 8.సీజే.50 అని పడేసి వెళ్లిపోయినావు, అది చదివేవాడికి బస్సు నంబరో ఏందో కూడా తెలీదు. 8 అంటే ఫాస్ఫేట్లు, ఆర్సెనేట్లు, వెనడేట్లు ఉండే క్లాసు, సీ అంటే వేరే అయాన్లు చేరకుండా నీళ్లు మాత్రం ఉండేవి అని విడమరిచి చెప్పు. ఆర్సెనిక్ ఉండే ఫార్మకొలైట్ అనే ఖనిజానికి కూడా ఇదే నంబరు. జిప్సం మాత్రం 7లో, సల్ఫేట్లతో పోయింది, ఎందుకంటే ఈ పద్ధతిలో ముందు చూసేది అయాన్‌ని, అమరికను తర్వాత. నాకైతే ఆర్డియలైట్ అనే ఖనిజం ఇంకా ఇష్టం, రొమేనియాలో ఒక గుహలో దొరికింది, సగం ఫాస్ఫేట్ సగం సల్ఫేట్, అయినా దాన్ని 8లోనే పెట్టినారు. నువ్వు దాని పేరే ఎత్తలేదు.

ఇక బెలుం. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహల్లో బ్రషైట్ కుప్పలుగా ఉంటాదని రాసినావు, ఎవరు చూసినారబ్బీ? సున్నపురాయి గుహ, గబ్బిలాల రెట్ట, తడి, ఆమ్లం ఉంటే బ్రషైట్ పుట్టే వీలుంటాది, ఆ మాట వరకే రాయి. మొదట 1865లో దీన్ని గుర్తించింది కరీబియన్ సముద్రంలో అవెస్ దీవిలో, పక్షుల రెట్టలో, అమెరికా ఖనిజ శాస్త్రవేత్త జార్జ్ బ్రష్ పేరు పెట్టినారు. ఆమ్లం తగ్గితే ఇది నిలవదు, మెల్లగా ఎపటైట్ అనే ఇంకో ఫాస్ఫేట్ ఖనిజం వైపు మారిపోతాది. గుహలో తెల్లగా కనపడిందల్లా బ్రషైట్ కాదు, చాలాసార్లు జిప్సమే అయి ఉండొచ్చు. నైట్రిక్ యాసిడ్‌లో కరిగించి అమ్మోనియం మాలిబ్డేట్ వేసి వేడి చేస్తే పసుపు మడ్డి వస్తే ఫాస్ఫేట్ ఉన్నట్టు, బేరియం క్లోరైడ్ వేస్తే తెల్ల మడ్డి వస్తే సల్ఫేట్. ఆ తెల్ల మడ్డి ఏందో తెలుసా, బేరియం సల్ఫేట్, అంటే మన మంగంపేటలో తవ్వే బెరైటీసే. ఈ ముక్క వ్యాసంలో పెట్టు, కడపోళ్లు మర్చిపోరు. రెండూ వస్తే మళ్లీ తిప్పలే, ఆర్డియలైటో లేక రెండూ కలిసున్నాయో తేల్చేదానికి ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (ఎక్స్‌రేలతో స్ఫటికం అమరిక చూసే పరీక్ష) కావాల, అందులోనూ గ్రాఫులో మొదటి పెద్ద పీక్ జిప్సందీ దీనిదీ దాదాపు ఒకే చోట పడతాది కాబట్టి మిగతా పీకులు కూడా చూడాల.

కిడ్నీ రాళ్ల సంగతి ఒక్క లైన్‌లో తేల్చేసినావు, అదే నాకు బాధ. మన ఎండలకు ఆ రాళ్ల నొప్పి తెలియని ఊరు లేదు. అన్ని రాళ్లలో బ్రషైట్ రాళ్లు కొన్నే, కానీ ఒకసారి వచ్చినోళ్లకు మళ్లీ వచ్చే రకం, షాక్ వేవ్‌తో పగలగొట్టాలన్నా మొండికేస్తాయి. గోరంత గట్టిదనం ఉండే ఖనిజం పగలదేంది అని అడుగుతారు, దానికి నువ్వు రెడీగా ఉండాల. ఆ గట్టిదనం కొలిచే మోస్ స్కేలు చెప్పేది గీత పడతాదా లేదా అనే, దెబ్బకు పగులుతాదా అనేది వేరే లెక్క. ఒక పేజీ దీనికే ఇయ్యి, పొగడ్తల పేజీ ఎట్లాగూ తీసేస్తావు కదా.

ఇంకోటి, నువ్వు పెట్టిన ఫోటో కింద అది యాడ దొరికిందో, ఎవరు టెస్ట్ చేసినారో రాయి. లేకుంటే అది జిప్సం కాదని నన్నెట్లా నమ్మమంటావు?

ప్రొద్దుటూరు నుంచి,
మీ అన్న