వాదన మీ నాన్నతో, దెబ్బ మీ ఆవిడకి

ప్రశ్న: మాది ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడి. నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. నాకు 32 ఏళ్ళు, బరంపురంలో ఉద్యోగం. నా భార్య నర్సు. చంద్రగిరి టిబెటన్ కుటుంబం అమ్మాయి, 1996లో మన జిల్లాలోనే పుట్టింది. వాళ్ళమ్మ కూడా 1971లో అక్కడే పుట్టారు. నాన్న మొదట ఒప్పుకోలేదు, తర్వాత ఆయనే వచ్చి రిజిస్టర్ పెళ్ళికి సాక్షి సంతకం పెట్టారు. గొడవంతా ఫోన్‌తో మొదలైంది. పొద్దున లేస్తే ఫ్యామిలీ గ్రూపులో రాజకీయ వీడియోలే. ఒక నాయకుడు అనని మాటలు అన్నట్టు ఏఐతో చేసిన వీడియో పెడితే, అది నకిలీదని అయిదు నిమిషాల్లో గ్రూపులోనే రుజువు చేశాను. తమ్ముడు నాన్న పక్షం. ఇద్దరం చాట్‌జీపీటీని అడిగి ఆ జవాబులు ఒకరి మీద ఒకరు విసురుకుంటున్నాం. "వాళ్ళు విదేశీయులు, ఓటే లేదు" అని కూడా వాడు పెట్టాడు. దసరాకి బంధువులంతా భోజనాలకి కూర్చుంటే నాన్న "మా చైనా కోడలు పెట్టిన పులుసు, రుచి చూడండి" అన్నారు. అందరూ నవ్వారు. ఆయన పార్టీ దేశాన్ని ఏం చేసిందో నేను అందుకున్నాను. అరుపులయ్యాయి. గ్రూపు వదిలేశాను. అమ్మ ఫోన్లో ఏడుస్తోంది. నా భార్య సంక్రాంతికి రానంటోంది. ఇలాంటి మనిషికి నిజానిజాలు ఎలా ఎక్కించాలి?

జవాబు: బాబూ, మీ ఉత్తరం చాలా పెద్దది, ఇక్కడ కుదించి వేశాం. మొత్తం చదివిన మనిషిగా ఒకటి చెప్పాలి. మూడొంతులు మీ నాన్నగారి పార్టీ గురించీ ఆ వీడియోల గురించీ రాశారు. మీ ఆవిడ గురించి మాత్రం సంక్రాంతికి రానంటోందని ఒక్క ముక్క. ఆ రాత్రి ఆమె ఏమంది? ఏడ్చిందా, ఏమీ జరగనట్టు గిన్నెలు సర్దుకుందా? మీరు రాయలేదు, అడిగి ఉండరని నా అనుమానం. ముందు ఆ పని చెయ్యండి. మిగిలినవన్నీ దాని తర్వాతే.

ఆ మాట మీ నాన్నగారి నోటికి ఎలా వచ్చిందో ఊహించగలను. 2020 జూన్‌లో సరిహద్దులోని గల్వాన్‌లో చైనా సైన్యంతో ఘర్షణలో మన సైనికులు 20 మంది చనిపోయారు. అదే ఏడు కరోనా. చైనా మీద కోపం ప్రతి ఫోన్లోనూ పొంగింది. ఆ కోపం ఎవరి మీద చూపించాలో కొందరు మొహాలు చూసి తేల్చుకున్నారు. కరోనా కంటే ముందూ ఇదే తీరు. 2014లో అరుణాచల్ కుర్రాడు నీడో తానియా ఢిల్లీలో తన జుట్టును వెక్కిరించారని తగువు పడి, దెబ్బలు తిని చనిపోయాడు. అక్కడా మొదలైంది వేళాకోళంతోనే.

మీ ఆవిడ విషయంలో ఆ మాట ఇంకా కిందికి దిగుతుంది. 1959లో దలైలామా మన దేశానికి వచ్చారు. ఆయన వెనకే కొండలు దాటి వచ్చినవాళ్ళు చైనా సైన్యానికి జడిసి ఇళ్ళూ పశువులూ వదిలేసి వచ్చినవాళ్ళు. 1963లో వాళ్ళలో కొందరికి చంద్రగిరిలో చోటిచ్చారు. మొక్కజొన్న పండించుకుని, చలికాలం ఊళ్ళ వెంట స్వెటర్లు అమ్ముకుని పిల్లల్ని చదివించుకున్నారు. 2010లో దలైలామా వచ్చి ప్రారంభించిన అక్కడి జిరంగ్ బౌద్ధ మఠానికి మనం కార్లు కట్టుకుని వెళ్తాం, ఫొటోలు దిగుతాం, ఎంత ప్రశాంతంగా ఉందో అనుకుంటాం. ఆ ఊరి పిల్ల మన ఇంటికొచ్చి అన్నం వడ్డిస్తుంటే, ఆమె తాతని ఊరు వదిలేలా చేసిన దేశం పేరు పెట్టి పిలుస్తున్నాం. మీ నాన్నగారికి ఇది తట్టి ఉండదు. తట్టనివాళ్ళకి చెప్పాల్సింది మీరు.

టిబెటన్లతో 1962లో పెట్టిన స్పెషల్ ఫ్రంటియర్ ఫోర్స్ అనే సైనిక దళం ఇప్పటికీ మన తరఫున పనిచేస్తోందని చెబితే ఆయన చెవి పెట్టొచ్చు. చెప్పండి. అయితే కోడలికి మర్యాద దక్కాలంటే ఆమె చుట్టాలు సరిహద్దు కాసి తీరాలా అని నాకు కాస్త కోపంగానే ఉంది.

ఇక మీరు చేసిందేమిటి? ఆయన కోడల్ని అంటే, మీరు ఆయన పార్టీని అన్నారు. ఆ పూట తిన్న బంధువులకి గుర్తుండేది తండ్రీకొడుకులు రాజకీయాల కోసం కంచాల ముందు అరుచుకున్నారనే. ఆ మాట తప్పని అక్కడ ఒక్కరూ అనలేదు, మీతో సహా. సంక్రాంతికి రానని ఆమె అంటున్నది మీ నాన్నగారి ఒక్కరి వల్లే అని మీరు అనుకుంటున్నట్టుంది. నాకలా అనిపించడం లేదు.

పండగ రాకముందే ఒక ఆదివారం మీరొక్కరే పర్లాకిమిడి వెళ్ళండి. ఫోన్లో వద్దు, గ్రూపులో అసలు వద్దు. తమ్ముడు లేనప్పుడు, టీవీ ఆపి, "నాన్నా, మీరు ఎవరికి ఓటేసినా నాకు ఇబ్బంది లేదు. నా భార్యని చైనా అనొద్దు" అనండి. అంతే. గల్వాన్ నుంచి పార్లమెంటు దాకా ఉపన్యాసం ఎత్తుకోకండి. ఆయన కచ్చితంగా "సరదాకన్నాన్రా, దానికీ ఇంత రాద్ధాంతమా" అంటారు. "మాకు సరదాగా లేదు నాన్నా" అని ఊరుకోండి. ఆయన చిన్నబుచ్చుకుంటారు, ఆ పూట మాట్లాడకపోవచ్చు. ఫరవాలేదు, ఉండనివ్వండి. మళ్ళీ పదిమందిలో అదే మాట వస్తే మాత్రం, కంచంలో అన్నం ఉన్నా సరే, ఇద్దరూ లేచి చేతులు కడుక్కుని బయల్దేరండి. కేకలు వద్దు. ఈ పని ఆమె చేత చేయించకండి. అత్తింట్లో కోడలు అడిగితే పెంకె పిల్ల అని పేరు పెడతారు. అమ్మగారి చేత కూడా కబురు పంపకండి, ఆవిడ ఇప్పటికే ఇద్దరి మధ్య నలుగుతోంది.

పరాయివాళ్ళని అనిపించుకునే ఈ నొప్పి మీ నాన్నగారికి కొత్తదేం కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఒడిశాలోకి వెళ్ళింది, ఎస్టేటులో కొంత మద్రాసులో ఉండిపోయింది. అప్పట్నుంచీ మన బతుకు ఇంతే. భువనేశ్వర్‌లో ఆఫీసుకెళ్తే మనం తెలుగోళ్ళం. విశాఖలో పెళ్ళికెళ్తే "మీరు ఒరియావాళ్ళా, తెలుగు బాగానే మాట్లాడుతున్నారే" అంటారు, అదేదో మెచ్చుకోలన్నట్టు. మాస్టారికి సర్వీసులో ఇలాంటివి ఎన్ని ఎదురయ్యాయో మాటల సందర్భంలో అడగండి. ఆయన్ని చెప్పనివ్వండి. పోలిక మీరు కలపక్కర్లేదు, ఆయన లెక్కల మనిషి.

ఓటు సంగతి. మీ తమ్ముడు పెట్టింది తప్పు. 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 దాకా ఇక్కడ పుట్టినవాళ్ళు, తల్లిదండ్రులు ఏ దేశం వాళ్ళైనా, పుట్టుకతోనే పౌరులు. మీ అత్తగారు అలా పౌరురాలు. ఆ తర్వాత 2004 డిసెంబరు 3కి ముందు పుట్టినవాళ్ళకి తల్లి, తండ్రుల్లో ఒకరు పౌరులైతే చాలు, కాబట్టి మీ ఆవిడా పౌరురాలే. 2010లో ఢిల్లీ హైకోర్టు ఇక్కడ పుట్టిన ఒక టిబెటన్ యువతి కేసులో ఈ చట్టాన్నే సమర్థించింది. 2014లో ఎన్నికల సంఘం ఇలాంటివాళ్ళ పేర్లు ఓటర్ల జాబితాలో చేర్చమంది. ఆమెకి ఓటరు కార్డు లేకపోతే తీసుకోవచ్చు, తీసుకోవాలా వద్దా ఆమె ఇష్టం. ఈ పేరా కత్తిరించి గ్రూపులో పెట్టాలని మీకు చెయ్యి దురద పెడుతుందని తెలుసు. పెట్టకండి. రేపు చట్టం ఇంకోలా ఉన్నా ఆమె మీ ఇంటి కోడలే కదా.

రాజకీయాల్లో మీ నాన్నగారిని మార్చే ప్రయత్నం మానేయమని నా సలహా. 2024 మే 13న బరంపురం లోక్‌సభ పోలింగ్‌లో ఆయన ఏ మీట నొక్కారో ఆయన ఇష్టం, మీరు ఏది నొక్కారో మీ ఇష్టం. ఓడించాలని చూసే కొడుకుతో ఏ తండ్రీ ఆలోచన పంచుకోడు. నకిలీ వీడియో వేరే సంగతి, దాన్ని వదలక్కర్లేదు. మీరు చెప్పింది నిజమే. కానీ తోడల్లుడూ మేనల్లుళ్ళూ చూస్తుండగా ఒక రిటైర్డ్ మాస్టారికి సున్నా మార్కులు వేశారు. ఆయన ఇంకో పది వీడియోలతో తిరిగొచ్చారంటే వింతేముంది? ఈసారి పక్కన కూర్చుని చూపించండి. వాట్సాప్‌లో సందేశం పైన రెండు బాణాల గుర్తు ఉంటే అది చాలా చేతులు మారి వచ్చినట్టు. 2020 నుంచి అలాంటిదాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తున్నారు. పది పేపర్లలో ఒకే తప్పు ఒకే చోట కనిపిస్తే ఆయన ఆ పిల్లల్ని ఏమని అడిగేవారు? ఎక్కణ్ణించి ఎక్కించావని. వీడియోనీ అలాగే అడగమనండి. ఎప్పటిది, ఏ సభ, పూర్తి వీడియో ఎక్కడుంది అని. 2023 నవంబరులో రష్మిక మొహం ఇంకొకరి ఒంటికి అతికించిన వీడియో అందరం చూశాం. ఇప్పుడు ఆ అతుకు కనిపెట్టడం ఇంకా కష్టం. మీరు కూడా ఎప్పుడో ఒకప్పుడు మోసపోతారు, అందుకే నవ్వకండి.

చాట్‌జీపీటీ పంచాయతీ చదివి మాత్రం నాకు నవ్వొచ్చింది. అన్నదమ్ములిద్దరూ ఒకే యంత్రాన్ని అడిగి ఇద్దరూ గెలిచారు! అడిగిన తీరుకి తగ్గట్టు తల ఊపే గుణం దానికుంది. 2025 ఏప్రిల్‌లో అది వాడేవాళ్ళని మరీ పొగుడుతోందని, చేసిన మార్పును కంపెనీయే వెనక్కి తీసుకుంది. వాక్యం సరిచేయించుకోండి, లెక్క అడగండి, ఇంటి తగువులో మాత్రం దాన్ని సాక్షిగా పిలవకండి.

సంక్రాంతికి ఆమె రానంటే బతిమాలకండి. అమ్మ కోసమైనా రమ్మని మెలిక పెట్టకండి. మీరు భోగినాడు వెళ్ళి రెండు పూటలుండి రండి, ఆమె ఎందుకు రాలేదని చుట్టాలు అడిగితే డ్యూటీ అని అబద్ధమాడకండి. "దసరాకి అన్న మాటకి నొచ్చుకుంది" అంటే చాలు.

మీ అమ్మానాన్నలు వియ్యంకుల ఇల్లు ఇంతవరకూ చూడలేదని ఉత్తరంలో ఒకచోట రాశారు. ఒకే జిల్లాలో ఉండి! మీ మామగారు సంక్రాంతికి విజయవాడలో స్వెటర్ల దుకాణం దగ్గరే ఉంటారు కాబట్టి ఇప్పుడు కుదరదు. వాళ్ళ కొత్త సంవత్సరం లోసర్ సాధారణంగా ఫిబ్రవరిలోనో మార్చి మొదట్లోనో వస్తుంది. ఈలోగా మీ నాన్నగారి నోరు కుదుటపడిందని ఆమెకి నమ్మకం కలిగి, ఆమే సరేనంటే, అమ్మానాన్నలిద్దర్నీ చంద్రగిరి తీసుకెళ్ళండి. ఆమె వద్దంటే ఆ ఊసు మళ్ళీ ఎత్తకండి. వెళ్తే మఠం చూసి మధ్యాహ్నానికి తిరిగొచ్చేసే ప్రయాణం పెట్టుకోవద్దు. మీ అత్తగారి చేతి భోజనం చేసి, మీ నాన్నగారూ మామగారూ కాసేపు కూర్చుని మాట్లాడుకునేంత తీరుబడిగా వెళ్ళండి.