పది పెట్టెలతో మొదలుపెట్టు

నీలూ,

ఉద్యోగం మానేసి, బోరు మోటార్లకి ఫోన్‌తో నడిచే కంట్రోలర్ చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం పట్టలేక పెద్దమ్మకి రెండుసార్లు చెప్పాను. మొదటి విడతే ఐదొందల పెట్టెలు పంపుతున్నావని గుర్తొచ్చాక మాత్రం రాత్రంతా నిద్ర లేదు.

జీఎస్టీ, లెక్కలు మంచి ఆడిటర్‌కి అప్పజెప్పు. ఆరు నెలల ఇంటద్దె పక్కన పెట్టుకో.

బెంగళూరు పీణ్యాలో నా షెడ్డు నీకు గుర్తుండదు, బోరు మోటార్లని ఆన్ చేసే స్టార్టర్ ప్యానెళ్లు చేసేవాణ్ణి. కదిరి వైపు వేసవిలో ఓల్టేజీ పడిపోయి రిలే, అంటే మోటారుకి కరెంటు కలిపే స్విచ్చు, పట్టడం లేదని ఫిర్యాదులొచ్చాయి. పొలానికి వెళ్లి చూడకుండా, షెడ్డులోనే కూర్చుని ప్యానెల్లోని ట్రాన్స్‌ఫార్మర్ ట్యాపింగ్ మార్చి, రిలేని లాగే కాయిల్‌కి ఎక్కువ ఓల్టేజీ అందేలా చేసి 120 ప్యానెళ్లు పంపేశాను. పగలు బ్రహ్మాండంగా పట్టింది. నెల తిరక్కుండా ఒక పెద్దాయన కాలిన కాయిల్‌ని తువ్వాల్లో మూటగట్టుకుని బస్సులో వచ్చాడు. విప్పగానే మాడిన వార్నిష్ వాసన, చుట్లన్నీ నల్లగా ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. "రాత్రిపూట కరెంటు ఎంతొస్తాదో చూసినారా సార్?" అన్నాడు. రాత్రి లోడు తగ్గితే ఓల్టేజీ ఎగబాకుతుందని నాకు తెలియక కాదు, కొలవలేదు. ఆయన వేరుశెనగ అప్పటికే ఎండిపోయింది. డబ్బు తిరిగిచ్చాను, పంట ఎక్కణ్ణుంచి తెచ్చివ్వను?

1858లో అట్లాంటిక్ అడుగున వేసిన మొదటి టెలిగ్రాఫ్ కేబుల్ గురించి ఆ తర్వాతే చదివాను. సిగ్నల్ ఎంత నీరసమంటే, విక్టోరియా రాణి 98 మాటల సందేశం చేరడానికి దాదాపు 16 గంటలు పట్టింది. కేబుల్ కంపెనీ ఎలక్ట్రీషియన్ వైట్‌హౌస్ అనే ఆయన గట్టిగా తోస్తే పోతుందనుకుని సుమారు 2,000 ఓల్టులు ఎక్కించాడు. అసలే ఇన్సులేషన్‌లో లోపాలున్న కేబుల్, మూడు వారాలకే మూగబోయింది. భౌతిక శాస్త్రవేత్త విలియం థామ్సన్ దారి వేరు, ఆయన సన్నని కరెంటుని కూడా పట్టే అద్దం గాల్వనోమీటర్ చేశాడు. అంత నష్టం చూశాక ఇంజినీర్లు కొలతల మీద పడ్డారు, రెసిస్టెన్సుకి ప్రమాణం తేల్చడానికి 1861లో కమిటీ వేసుకున్నారు, 1866లో వేసిన కేబుల్ నిలబడింది.

అందుకే పది పెట్టెలే పంపు. ఒక వేసవి, ఒక వాన గడవనీ. కోరమంగళలో ఏసీ గదిలో నడిచిందని మురిసిపోయి ఐదొందలు పంపావో, నీతో మాట్లాడను. మధ్యాహ్నం అన్నం కూడా మానేస్తున్నావట, అదేం పనమ్మా?

ఆదివారం భోజనానికి రా. పెద్దమ్మ గోంగూర చేస్తానంది. నా పాత మీటర్ తుడిచి పెట్టాను, తీసుకుపో. కదిరి వైపు ఎప్పుడు వెళ్తావో ముందురోజు చెబితే నేనూ వస్తాను, రాత్రి కరెంటు ఇచ్చే టైమ్‌కి మనం బోరు దగ్గరే ఉండాలి.

మీ పెదనాన్న