రోడ్డు వెడల్పు చేస్తే రద్దీ తగ్గుతుందా?

ప్రశ్న: మా వీధిలో ఎప్పుడూ ట్రాఫిక్ జామే. చెట్లు కొట్టేసి రోడ్డు వెడల్పు చేస్తామంటున్నారు. ఒప్పుకోవాలా సార్?

జవాబు: తొందరపడి సంతకం పెట్టకండి. ఇరవై ఏళ్లు రోడ్ల ప్లాన్లు గీసినవాణ్ని, నేనూ ఒకప్పుడు వెడల్పే మందనుకున్నాను. గీత జరిపి రోడ్డు వెడల్పు చేసిన చోటల్లా కొన్నాళ్లు ఖాళీ, తర్వాత మళ్లీ అదే హారన్ల మోత. దారి సాఫీగా ఉందనగానే బస్సెక్కేవాళ్లూ కారు బయటికి తీస్తారు మరి!

దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో దీనికి విరుద్ధంగా చేశారు. చోంగ్యేచోన్ వాగు మీది ఎలివేటెడ్ రోడ్డును 2003లో కూల్చడం మొదలుపెట్టి, 2005కల్లా ఆరు కిలోమీటర్లకు దగ్గరగా నీళ్లు పారించారు. మధ్యలో, 2004లో, బస్సులకు విడిగా లేన్లిచ్చారు. ఊరేమీ ఆగిపోలేదు.

మీ దగ్గరికి ప్లాన్ తెచ్చినవాళ్లను ముందు ఫుట్‌పాత్ ఎన్ని అడుగులో అడగండి. నేను గీసిన మొదటి ప్లాన్‌లో అసలు ఫుట్‌పాతే లేదు.