బంటిని ఎవరికైనా ఇచ్చేయనా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, పెదవాల్తేరు. పన్నెండేళ్లుగా ఇంటి ముందుగదిలో జాకెట్లు కుడుతున్నాను, చీరలకు ఫాల్స్ వేస్తున్నాను. మూడేళ్ల క్రితం మా అబ్బాయి పట్టుబడితే మావారు లాబ్రడార్ కుక్కపిల్లను తెచ్చారు. 'అన్నీ నేనే చూసుకుంటాను' అన్న అబ్బాయి ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం, పొద్దున వెళ్తే రాత్రికే వస్తాడు. కిందటి ఆదివారం మావారు బంటిని లాసన్స్ బే తీరానికి తీసుకెళ్లారు. అది వస్తూనే ముందుగదిలోకి దూరి ఒళ్లు విదిలించింది. ఫాల్ కుట్టడానికి పరిచిన పెళ్లిచీర మీద ఉప్పునీరు, ఇసుక. చీర ఖరీదులో సగం, తొమ్మిది వేలు, నేనే కట్టాను. నేను కేకలేస్తే, 'అయితే కొన్నాళ్లు ఆ కుట్టుపని మానెయ్యి' అన్నారాయన. ఆనందపురం వైపు తోట ఉన్నవాళ్లు బంటిని తీసుకుంటామంటున్నారు. ఇంట్లో చెప్పకుండా పంపించేయనా? మధ్యాహ్నాలు నేను మిషను తొక్కుతుంటే నా పాదాల పక్కన పడుకునేది కూడా అదే.

జవాబు: పంపకండి తల్లీ. చెప్పకుండా అసలే వద్దు. పరీక్షల ఏడాదిలో ఉన్న పిల్లవాడు రాత్రి ఇంటికొచ్చి 'బంటి ఏది?' అంటే ఏం చెబుతారు? మీ ఉత్తరంలో ఆ ఆఖరి మాట చదివాక నాకు వేరే సందేహం కూడా మిగలలేదు.

మిమ్మల్ని కోసింది ఆయన అన్న మాట. ఆయన పనిచేసే చోటికి కుక్కను ఎవరూ తోలుకెళ్లరు. మీరు పనిచేసే చోటు మాత్రం ఇంట్లో అందరికీ దారి. ఆ తొమ్మిది వేలు మీ కుట్టుకూలి నుంచి ఎందుకు పోవాలి? షికారుకు తీసుకెళ్లింది ఆయన, కుక్క ఇంటిల్లిపాదిదీ, నష్టం మాత్రం మీ ఒక్కరిదా? అది ఎన్ని లైనింగు జాకెట్ల కూలో కాగితం మీద లెక్క వేసి ఆయన ముందు పెట్టండి. చీర యజమానురాలికి డబ్బు కట్టి మంచి పని చేశారు. ఆ డబ్బులో సగమైనా ఇంటి ఖర్చులోంచి తిరిగి రావాలి.

మాట్లాడేది ఆదివారం తడికుక్క గుమ్మంలో ఉన్నప్పుడు కాదు, శనివారం రాత్రి భోజనాలయ్యాక. 'మీరు పని మానెయ్యి అన్నారు, నేను బంటిని పంపేద్దామనుకున్నాను. ఇద్దరమూ తప్పే అనుకున్నాం' అనండి. మీ తప్పు ముందు ఒప్పుకుంటే ఆయనకు తన తప్పు ఒప్పుకోవడం కాస్త తేలికవుతుంది.

ఇక ముందుగది గుమ్మానికి నడుమెత్తు చెక్క గేటు పెట్టించండి. ఖర్చెందుకని ఆయన నసిగితే ఈ సంగతి చెప్పండి: దారం ఎక్కించిన సూదిని కుక్క మింగితే ప్రమాదం సూదితో ఆగదు. దారం పేగుల్లో బిగుసుకుని వాటిని కోసేస్తుంది, చాలాసార్లు ఆపరేషన్ దాకా వెళ్తుంది. మీ గదినిండా సూదులు, హుక్కులు, పూసలే కదా. భార్య పని కోసం పెట్టించని గేటును కుక్క ప్రాణం కోసం పెట్టించిన మగవాళ్లను చూశాను. ఒళ్లు మండే విషయమే, అయినా గేటు గేటే.

సముద్రం నుంచి వచ్చాక పెరటి కుళాయి దగ్గర మంచినీళ్లతో కడిగి, పాత తువ్వాలుతో తుడిచాకే లోపలికి. ఆ పని తీసుకెళ్లినవాళ్లదే. ఉప్పు, తేమ ఒంటి మీద ఉండిపోతే దానికీ దురదలు, పుండ్లు వస్తాయి. లాబ్రడార్‌కు రెండు పొరల బొచ్చు, విశాఖ ఉక్కలో ఏడాదంతా రాలుతూనే ఉంటుంది. గుండు గీయిస్తే పోతుందని ఎవరైనా చెబితే వినకండి, ఆ బొచ్చే దాన్ని ఎండ నుంచి కాపాడుతుంది. రాత్రి పది నిమిషాలు వీధి అరుగు మీద దువ్వడం అబ్బాయి వంతు. పుస్తకాల నుంచి వాడికీ కాస్త విరామం. వచ్చిన చీరలు మాత్రం సంచుల్లో కుర్చీల మీద ఉంచకుండా వెంటనే బీరువాలో పెట్టేయండి.

గేటు పెట్టాక మధ్యాహ్నాలు బంటి అవతల నిలబడి మూలుగుతుంది, మొదటి వారం మీకే తెరవాలనిపిస్తుంది. తెరవకండి. మిషనును గేటు పక్కకు జరపండి. చెక్కల సందులోంచి అది మూతి పెడుతుంది, మీ పాదం అందేంత దూరంలోనే ఉంటుంది.