మానసిక వార్డులో రోగి చెప్పకుండా వెళ్లిపోయే ప్రమాదం ఉంటే నర్సు ఏం చేయాలి?

తాళం ఒక్కటే సరిపోదు. ఎందుకు వెళ్లాలనిపిస్తోందో నేరుగా అడగండి. ఇంటి మీద బెంగ, పక్క బెడ్ మనిషంటే భయం, సిగరెట్ యావ, డిశ్చార్జి ఎప్పుడో ఎవరూ చెప్పకపోవడం: కారణాలు తరచూ ఇవే. ఇంటికి ఒక ఫోన్ చేయిస్తే తగ్గే బెంగలూ ఉంటాయి.

చేరిన తొలి రోజులు, డ్యూటీ మారే వేళ, చూడటానికి బంధువులు వచ్చే సమయం జాగ్రత్త. 15 నిమిషాలకోసారి చూడమంటే గడియారం పట్టుకుని వెళ్లకండి, రోగి ఆ లెక్క ఇట్టే పట్టేస్తారు. ఆ గడువు దాటకుండానే వేళలు మారుస్తూ చూసి, అప్పటికప్పుడే రాయండి. షిఫ్ట్ చివర్లో వరసగా పెట్టే టిక్కులకు విలువ లేదు. ఒంటి మీది బట్టల రంగు కూడా రాయండి. మనిషి కనబడకపోతే సెక్యూరిటీ మొదట అడిగేది అదే. బాత్రూములు, మెట్లు, టెర్రస్ వెతుకుతూనే డాక్టరుకు చెప్పాలి. తిరిగొచ్చాక మందలించొద్దు, గాయాలున్నాయా, ఏమైనా మింగారా చూసి, ప్రమాదాన్ని మళ్లీ అంచనా వేయండి.