బ్యాంకులో డబ్బుంది కదా, స్వచ్ఛంద సంస్థ దాన్ని జీతాలకి వాడుకోవచ్చా?

దాత ఫలానా పనికే అని షరతు పెట్టి ఇచ్చిన డబ్బైతే వాడకూడదు, మీ ఖాతాలో ఉన్నా సరే. ఆ షరతుకి ఒప్పుకునే కదా తీసుకున్నారు, అందుకే లెక్కల్లో షరతు ఉన్న ఫండ్, లేని ఫండ్ విడివిడిగా చూపిస్తారు (దాత గానీ, విదేశీ విరాళాలకి లాగా చట్టం గానీ వేరే ఖాతా అడగకపోతే బ్యాంక్ ఖాతా ఒకటే ఉన్నా పర్లేదు). ఉదాహరణకి ఖాతాలో 10 లక్షలు ఉండి అందులో 8 లక్షలు బోర్లు వేయించడానికి వచ్చిన గ్రాంట్ అనుకోండి, ఆఫీస్ అద్దెకీ జీతాలకీ మీ చేతిలో ఉన్నది నిజానికి 2 లక్షలే, గ్రాంట్ బడ్జెట్‌లోనే జీతాలకి కొంత ఒప్పుకుని ఉంటే అది వేరే సంగతి. చాలామంది పొరపడేది ఎక్కడంటే, డొనేషన్లు రాగానే తిరిగి పెట్టేస్తాంలే అని వాడేస్తారు, కానీ దాత ఒప్పుకోకుండా అలా తాత్కాలికంగా తీసుకున్నా షరతు తప్పినట్టే.