గుర్రం ఈనబోతోంది, గేదెల అనుభవం సరిపోతుందా?

మీరు రాసింది క్లుప్తంగా: చేవెళ్ల దగ్గర పొలంలో మార్వాడీ ఆడగుర్రం ఉంది. తొలిచూలు, పది నెలలు దాటాయి. ఇంట్లో అందరికీ గేదెలు ఈనడం అలవాటే కానీ గుర్రం ఇదే మొదటిసారి. గుర్రాలు చూసే డాక్టరు రావాలంటే గంటన్నర పడుతుంది. ఆ లోపు, పిల్ల పుట్టిన మొదటి కొన్ని గంటల్లో, మీరే ఏం చూసుకోవాలి అని అడిగారు.

నేను పుణె వైపు ఒక స్టడ్ ఫారంలో, అంటే మేలుజాతి గుర్రాలను ఈనించి పెంచే చోట, కొన్నేళ్లు రాత్రి డ్యూటీ చేశాను. ఈనబోయే గుర్రాల దగ్గర తెల్లవార్లూ కూర్చోవడమే పని. అంతకుముందు మా ఇంట్లోనూ గేదెలే. అందుకే మొదట ఇది చెప్పాలి. గేదె దగ్గర మనకు అలవాటైన నిదానం గుర్రం దగ్గర ప్రమాదం. గేదె రెండు గంటలు నొప్పులు పడి ఈనినా దూడ సాధారణంగా బాగానే ఉంటుంది. మాయ పడటానికి సగం రోజు పట్టినా ఎవరూ కంగారుపడరు. గుర్రానికి అంత వ్యవధి ఉండదు. గేదెలో మాయ గర్భసంచికి గుండీల్లాంటి ముడుల దగ్గర గట్టిగా పట్టుకుని ఉంటుంది, కాబట్టి ఈనేటప్పుడు కూడా దూడకు తల్లి నుంచి ఆక్సిజన్ అందుతుంది. గుర్రంలో మాయ గర్భసంచి లోపలంతా పరుచుకుని ఉంటుంది. గట్టి నొప్పులు మొదలయ్యాక త్వరగా విడిపోతుంది. అది విడిపోయేలోపు పిల్ల బయటికి రావాలి.

ముందు తేదీ సంగతి. గేదెకు మనం 310 రోజులు లెక్కేస్తాం. గుర్రానికి సగటున 340, అటూ ఇటూగా 320 నుంచి 365 రోజుల వరకూ మామూలే. కాబట్టి పదకొండు నెలలు నిండినా ఈనలేదని ఎవరి చేతా ఇంజెక్షన్ వేయించకండి. కడుపులో పిల్ల చివరి రోజుల్లోనే పూర్తిగా సిద్ధమవుతుంది, తొందరపెడితే నష్టపోయేది అదే. పాడి ఉన్న ఊళ్లలో పాలు దిగడానికి వేసే ఆక్సిటోసిన్ సీసాలు చేతికందేలా తిరుగుతుంటాయి. గుర్రానికి ఆ మందు చాలా కొద్ది మోతాదులోనే గట్టిగా పనిచేస్తుంది. గేదె లెక్కన వేస్తే తల్లికీ పిల్లకీ ముప్పు. డాక్టరు చేతిలో తప్ప ఆ సీసా మీ షెడ్డులోకే రానివ్వకండి.

పొదుగు రెండు నుంచి నాలుగు వారాల ముందు నిండటం మొదలవుతుంది. తోక మొదలు దగ్గర కండలు వదులవుతాయి. చనుమొనల చివర పసుపుపచ్చని మైనంలా గట్టిపడితే ఇక ఒకటి నుంచి నాలుగు రోజులు అనుకోవచ్చు. అన్ని గుర్రాలకూ అది కనిపించదు, తొలిచూలు వాటికి మరీను. ఎక్కువ గుర్రాలు రాత్రి పదికీ తెల్లవారుజాము నాలుగుకీ మధ్యే ఈనుతాయి. మనుషుల అలికిడి ఉంటే ఆపుకుంటాయి కూడా. కాబట్టి ఇరుగుపొరుగును పోగేయకుండా ఇద్దరు చాలు. కాస్త దూరంగా, లైటు తగ్గించి కూర్చోండి. కనీసం 12 అడుగులు బై 12 అడుగుల గది, వీలైతే ఇంకా పెద్దది, కింద మందంగా శుభ్రమైన ఎండు వరిగడ్డి వేయండి. రంపపు పొట్టు వద్దు, తడి పిల్ల ముక్కుకీ బొడ్డుకీ అంటుకుంటుంది.

ఉమ్మనీరు ఒక్కసారిగా పడగానే టైము చూసుకోండి. అక్కడి నుంచి సాధారణంగా ఇరవై, ముప్పై నిమిషాల్లో పిల్ల బయట ఉంటుంది. తెల్లగా, కాస్త నీలంగా మెరిసే సంచిలో ముందు కాళ్లు రెండు, ఒకటి కొంచెం ముందు ఒకటి వెనక, గిట్టల అడుగుభాగం నేలవైపు, మోకాళ్ల మీద మూతి. ఇలా కనిపిస్తే మీరు చేయాల్సిందేమీ లేదు. పది నిమిషాలు గడిచినా ఏమీ కనిపించకపోయినా, ఒక్క కాలే వచ్చినా, గిట్టలు ఆకాశంవైపు తిరిగి ఉన్నా డాక్టరుకి ఫోన్ చేసి, గుర్రాన్ని లేపి మెల్లగా నడిపించండి. నడిస్తే నొప్పులు కాస్త తగ్గి సమయం దొరుకుతుంది. నలుగురు కలిసి తాడు కట్టి లాగే పని మాత్రం ఎప్పుడూ వద్దు.

ఒక్క సందర్భంలో మాత్రం డాక్టరు కోసం ఆగకూడదు. తెల్ల సంచి బదులు ముదురు ఎరుపులో, మఖ్మల్ గుడ్డలా ఉన్న సంచి బయటికొస్తే, మాయ పిల్ల కన్నా ముందే ఊడిపోయిందని అర్థం. ఫారంలో దాన్ని రెడ్ బ్యాగ్ అంటారు. లోపల పిల్లకు ఊపిరి లేదు. వెంటనే కత్తెరతో ఆ సంచి కోసి, లోపలి తెల్ల పొర కూడా చింపి, తల్లి నొప్పి పడ్డప్పుడల్లా పిల్లను కిందికి, తల్లి వెనక కాళ్ల వైపుగా లాగాలి. మొద్దుమొనల కత్తెర ఒకటి ఇప్పుడే కొని షెడ్డులో మేకుకు తగిలించండి. నేను డ్యూటీలో ఉన్నంతకాలం అది నా జేబులోనే ఉండేది.

పిల్ల పడ్డాక ముక్కు మీద పొర ఉంటే తీసేసి, పొడి తువ్వాలుతో రుద్దండి. మన వైపు దూడను వెనక కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీస్తారు, అది చేయకండి. కొన్ని నిమిషాల్లోనే పిల్ల తల ఎత్తి, ఛాతీ మీద కూర్చుంటుంది. దాని వెనక కాళ్లు ఇంకా తల్లి లోపలే ఉండొచ్చు, తల్లి కాసేపు లేవకపోవచ్చు. అలాగే వదిలేయండి. బొడ్డుతాడు కోయకండి. తల్లి లేచినప్పుడో పిల్ల కదిలినప్పుడో దానంతటదే సరైన చోట తెగుతుంది. తెగాక రక్తం ఆగకపోతే శుభ్రమైన వేళ్లతో కాసేపు నొక్కి పట్టుకోండి. క్రిములను చంపే 2 శాతం క్లోర్‌హెక్సిడిన్ ద్రావణం ఒక వంతు, కాచి చల్లార్చిన నీళ్లు మూడు వంతులు కలిపి చిన్న కప్పులో పోసి, బొడ్డును అందులో ముంచండి. రోజుకి మూడు నాలుగు సార్లు, రెండు మూడు రోజులు. నురగ వచ్చే స్క్రబ్ వేరు, అది కొనకండి. ఘాటైన అయోడిన్ ఆ లేత చర్మాన్ని కాల్చేస్తుంది. గిట్టల అడుగున మెత్తగా, పసుపుగా వేలాడే పొరలు చూసి భయపడకండి. తల్లి గర్భానికి గాయం కాకుండా ఉండేవి అవి, ఒక రోజు నడిస్తే రాలిపోతాయి.

ఫారాల్లో అందరికీ నోటికొచ్చే లెక్క ఒకటుంది. గంటలో నిలబడాలి, రెండు గంటల్లో పాలు తాగాలి, మూడు గంటల్లో మాయ పడాలి. ఈ మూడింటిలో ఏది దాటినా డాక్టరుకు ఫోన్ చేయండి, తెల్లారనీ అని ఆగొద్దు.

ఇక పాలు. ఇంత రాయడానికి అసలు కారణం ఇదే. మాయ పడేదాకా పిల్లను పొదుగు దగ్గరికి రానివ్వకూడదనే నమ్మకం మా ఊళ్లోనూ ఉండేది. గుర్రప్పిల్ల విషయంలో అది ప్రాణాంతకం. తల్లి కడుపులో ఉన్నప్పుడు దానికి రోగనిరోధక శక్తి దాదాపు ఏమీ అందదు, మొత్తం ముర్రుపాల నుంచే రావాలి. ఆ పాలలోని యాంటీబాడీలను యథాతథంగా రక్తంలోకి తీసుకునే గుణం పేగుకు మొదటి ఆరేడు గంటల్లో బాగా ఉంటుంది, 24 గంటలకు పూర్తిగా పోతుంది. ఆ తర్వాత ఎన్ని పాలు తాగినా కడుపు నిండుతుంది తప్ప రక్షణ రాదు. పైగా పిల్ల తాగుతుంటే తల్లి ఒంట్లో సహజంగానే ఆక్సిటోసిన్ విడుదలై మాయ తొందరగా పడుతుంది. అంటే పాలు ఆపితే మాయ కూడా ఆలస్యమవుతుంది.

పుస్తకాల్లో 50 కిలోల థరోబ్రెడ్ (రేసు గుర్రాల జాతి) పిల్లకు లీటరు నుంచి లీటరున్నర ముర్రుపాలు అని ఉంటుంది. మార్వాడీ పిల్లలు చిన్నవి. 2023లో జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం వారి బికనేర్ క్యాంపస్‌లో పిండ మార్పిడితో పుట్టిన రాజ్ ప్రథమ అనే మార్వాడీ పిల్ల బరువు 23 కిలోలు. కాబట్టి మీ పిల్లకు మొదటి ఆరు గంటల్లో లీటరు దరిదాపుల్లో అందితే నయమే. ఈనకముందే పొదుగు నుంచి పాలు ధారగా కారిపోతుంటే ఆ రక్షణ నేలపాలవుతున్నట్టే. శుభ్రమైన సీసాలో పట్టి ఫ్రిజ్‌లో పెట్టి డాక్టరుకు చెప్పండి. గేదె జున్నుపాలు దానికి బదులు కావు. వాటిలో గుర్రం యాంటీబాడీలుండవు.

తొలిచూలు గుర్రం కితకితలకో నొప్పికో పిల్లను దగ్గరికి రానివ్వకపోవచ్చు. అప్పుడు ఒకరు ముఖతాడు పట్టుకుని మెల్లగా మాట్లాడుతూ ఉండండి. రెండోవారు అదే పక్కన నిలబడి పిల్లను పొదుగు వైపు నడిపించాలి. తల పట్టుకుని పొదుగుకి తొయ్యొద్దు, పిల్ల మొండికేస్తుంది. వెనక నుంచి దారి చూపిస్తే చాలు. గోడలు, మూలలు నాకుతూ వెతకడం మొదటి గంటలో మామూలే. ఇదివరకే మనిషి చేయి పొదుగు మీద పడటం తల్లికి అలవాటైతే ఈ టెన్షన్ సగం తగ్గుతుంది, కాబట్టి రేపటి నుంచే రోజూ గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డతో పొదుగు తుడవండి.

పాలు పిండాల్సి వస్తే 60 మి.లీ. సిరంజి ముక్కు కోసేసి, పిస్టన్‌ను ఆ కోసిన వైపు నుంచి ఎక్కించండి. నున్నటి అంచు ఉన్న వైపు చనుమొనకి పెట్టి నెమ్మదిగా లాగితే పాలు దిగుతాయి. సీసాతో పట్టేటప్పుడు పిల్ల నిలబడో ఛాతీ మీద కూర్చునో ఉండాలి, తానే చీకాలి. వెదురు గొట్టంతో దూడకి పోసినట్టు గొంతులో పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చీకే శక్తి లేని పిల్లకు ముక్కు ద్వారా ట్యూబు వేయాలి, అది డాక్టరు పని.

మాయ వేలాడుతుంటే దాన్ని మడిచి వెనక మోకాళ్లకు పైన ముడివేయండి, తల్లి తొక్కకుండా. రాయి కట్టడం, లాగడం, కోయడం వద్దు. చిన్న ముక్క లోపల మిగిలినా గుర్రానికి గర్భసంచిలో చీము పట్టి, జ్వరం వచ్చి, అక్కడి నుంచి గిట్టల్లో వాపు మొదలై నడవలేని స్థితికి వస్తుంది. ఒక ఊళ్లో పశువుల గురించి బాగా తెలిసిన పెద్దాయన మాయకు ఇటుక కట్టిన గుర్రాన్ని మా డాక్టరుతో పాటు చూడటానికి వెళ్లాను. గర్భసంచి కొంత బయటికి వచ్చి ఉంది. దాన్ని నిలబెట్టడానికి వారాలు పట్టింది. పడిన మాయను బకెట్‌లో నీళ్లు పోసి ఉంచండి. డాక్టరు పరిచి చూసి పూర్తిగా పడిందో లేదో చెబుతారు.

మొదటి పేడ నల్లగా, గట్టిగా ఉంటుంది. తర్వాత పసుపుగా మెత్తగా మారితే అంతా దిగినట్టు. మగపిల్లల్లో అది ఇరుక్కోవడం ఎక్కువ. తోక ఎత్తి, నడుము వంచి మాటిమాటికీ ముక్కుతుంటే మందుల షాపులో దొరికే ఫాస్ఫేట్ ఎనీమా ఒకటి, డాక్టరుని ఫోన్లో అడిగి, వాడొచ్చు. మూత్రం పోసిందో లేదో కూడా గమనించండి. పుట్టాక మగపిల్ల సుమారు ఆరు గంటలకు, ఆడపిల్ల సుమారు పది గంటలకు మొదటిసారి పోస్తాయి. బొడ్డు నుంచి మూత్రం కారుతుంటే చెప్పాల్సిన విషయమే.

నా అనుభవంలో జబ్బు పడబోయే పిల్లను అందరికన్నా ముందు పట్టించేది తల్లి పొదుగు. ఆరోగ్యంగా ఉన్న పిల్ల గంటకు ఐదారు సార్లు తాగుతుంది, పొదుగు మెత్తగా ఉంటుంది. పొదుగు బిగుసుకుని, పాలు కారుతూ, పిల్ల నుదుటి మీద పాలు ఎండి తెల్లగా కనిపిస్తే, అది పొదుగు కింద నిలబడుతోంది కానీ తాగడం లేదు. పైకి గెంతుతున్నట్టున్నా సరే, జ్వరం చూడండి. 99 నుంచి 102 ఫారెన్‌హీట్ వరకూ మామూలు. పుట్టినప్పుడు బాగుండి, కొన్ని గంటల తర్వాత తల్లిని గుర్తుపట్టకుండా గోడల చుట్టూ తిరిగే పిల్లలూ ఉంటాయి. అమెరికాలో డేవిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన పశువైద్యుడు జాన్ మాడిగన్ ఇలాంటి వాటికి ఛాతీ చుట్టూ తాడు బిగించి 20 నిమిషాలు ఉంచే పద్ధతి తెచ్చారు. ఆ వీడియోలు చూసి మీరే చేయకండి. పక్కటెముక విరిగిన పిల్లకు అది ప్రాణం తీస్తుంది.

అంతా బాగున్నట్టు కనిపించినా మరునాడు డాక్టరు రావాలి. 18 నుంచి 24 గంటల మధ్య పిల్ల రక్తంలో ఐజీజీ, అంటే ముర్రుపాల నుంచి చేరిన యాంటీబాడీలు ఎంత ఉన్నాయో, చూడమని అడగండి. డెసిలీటరుకు 800 మిల్లీగ్రాములు దాటితే నిశ్చింత, 400 లోపు ఉంటే ప్లాస్మా ఎక్కించాలి. ఈ పరీక్ష, ప్లాస్మా ఏర్పాట్లు ఎక్కడ జరుగుతాయో ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి ఈ వారంలోనే ఒకసారి వెళ్లి మాట్లాడి రండి. పశువుల అంబులెన్స్ 1962 నంబరు కూడా సేవ్ చేసుకోండి. కానీ గుర్రం ఈనడంలో చేయి తిరిగిన డాక్టరు నంబర్లు రెండు విడిగా ఉండాలి, ఒకరు ఎత్తకపోతే ఇంకొకరు.

గుర్రాన్ని ఇప్పుడు ఉన్న చోటు నుంచి మార్చకండి. ఆ షెడ్డులోని క్రిములకు తగ్గ యాంటీబాడీలు దాని పాలలోకి రావడానికి నాలుగైదు వారాలు పడుతుంది. టెటనస్ ఇంజెక్షన్ కూడా ఈనడానికి నాలుగు నుంచి ఆరు వారాల ముందు పడాలి. గుర్రాలకు ధనుర్వాతం ముప్పు మిగతా పశువుల కన్నా చాలా ఎక్కువ. చివరిసారి టీటీ ఎప్పుడు వేయించారు, ఏ తేదీన దాటించారు, పొదుగు ఇప్పుడు ఎలా ఉంది, ఈ మూడూ కింద రాయండి. దాన్నిబట్టి ఇంకేం చేయాలో చెబుతాను.